గెలిచినవాళ్లే బయటికి నడిచిన చర్చి

2024 మే 1న అమెరికాలోని షార్లెట్ నగరంలో యునైటెడ్ మెథడిస్టు చర్చి అత్యున్నత సభ అయిన జనరల్ కాన్ఫరెన్స్ నలభై ఏళ్లనాటి నిషేధాన్ని ఎత్తేసింది. గే, లెస్బియన్ వ్యక్తులకు పాస్టర్లుగా అభిషేకం ఇవ్వకూడదన్న నిబంధన అది. అనుకూలంగా 692 ఓట్లు, వ్యతిరేకంగా 51. చర్చ కూడా జరగలేదు. పెద్దగా పేచీ లేని తీర్మానాలను కట్టగట్టి ఒకేసారి ఓటుకు పెట్టే జాబితాలో దీన్నీ చేర్చేశారు. ఐదేళ్ల ముందు, 2019 ఫిబ్రవరిలో, ఇదే చర్చి ఇదే విషయం మీద సెయింట్ లూయిస్‌లో ప్రత్యేకంగా సమావేశమైంది. అప్పుడు 438–384 ఓట్లతో నిషేధాన్ని నిలబెట్టడమే కాక, మీరినవారికి శిక్షలు కూడా పెంచింది.

ఐదేళ్లలో మనసులు అంతగా మారాయా? కొన్ని మారి ఉంటాయి. అంతకంటే ఎక్కువగా, సభలో కూర్చునే మనుషులు మారారు. 2019లో గెలిచిన వర్గంలో చాలామంది 2024 నాటికి ఆ చర్చిలోనే లేరు. ఈ తగవును బైబిలు వ్యాఖ్యానాల పోరుగా మాత్రమే చూస్తే ఇది అర్థం కాదు. ఓటు ఎవరికి ఉంది, గుడి దస్తావేజు ఎవరి పేరున ఉంది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే తేటపడుతుంది.

1968లో రెండు సంఘాల విలీనంతో ఈ చర్చి ఏర్పడింది. నాలుగేళ్లకే, 1972లో అట్లాంటాలో, స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు విరుద్ధమన్న మాట దాని సామాజిక సూత్రాల్లో చేరింది. ముసాయిదాలో లేని ఆ మాట సభలో వచ్చిన సవరణతో అందులోకి ఎక్కింది. 1984లో అభిషేక నిషేధం వచ్చింది. దాని రాత విచిత్రమైనది. తాము స్వలింగ సంబంధంలో ఉన్నామని స్వయంగా ఒప్పుకున్నవారికే అది వర్తిస్తుంది. అంటే నోరు మెదపనంతకాలం ఉద్యోగానికి ఢోకా లేదు. ఫిలడెల్ఫియాలో బెత్ స్ట్రౌడ్ అనే పాస్టర్ 2003లో తన సంఘం ముందు ప్రసంగంలోనే నిజం చెప్పారు. 2004 డిసెంబరులో చర్చి కోర్టు ఆమె గురుత్వాన్ని తీసేసింది, అప్పీలులో తిరిగి వచ్చింది, 2005లో చర్చి అత్యున్నత న్యాయమండలి మళ్లీ తీసేసింది. నిజాయితీకి శిక్ష, గోప్యతకు జీతం ఇచ్చే చట్టం ఏ సంస్థకైనా చెరుపే చేస్తుంది. నిషేధాన్ని సమర్థించినవారిలోనూ ఈ ఇబ్బంది ఎరిగినవారు ఉన్నారు.

మరి గెలిచిన సంప్రదాయవాదులు ఎందుకు వెళ్లిపోయారు? చట్టం వాళ్ల చేతిలో ఉన్నా అమలు వాళ్ల చేతిలో లేదు. అమెరికాలో చాలామంది బిషప్పులు, ప్రాంతీయ కాన్ఫరెన్సులు, వేదాంత కళాశాలలు ఎదురువర్గం వైపే మొగ్గాయి. 2016లో పశ్చిమ ప్రాంతం కారెన్ ఒలివెటో అనే వివాహిత లెస్బియన్‌ను బిషప్‌గా ఎన్నుకుంది. ఆమె ప్రతిష్ఠ చర్చి చట్టానికి విరుద్ధమని న్యాయమండలి మరుసటి ఏడాది తేల్చింది. అయినా ఆమె పదవిలోనే కొనసాగారు. సెయింట్ లూయిస్ విజయం తర్వాతా ధిక్కారం తగ్గలేదు, ఇంకా పెరిగింది. దాంతో 2020 జనవరిలో ఇరువర్గాల నాయకులు ఒక ఒడంబడిక ప్రకటించారు. సంప్రదాయవాదులు వేరే చర్చి పెట్టుకుంటారు, వాళ్లకు రెండున్నర కోట్ల డాలర్లు ముట్టజెప్పాలి. ఓటింగులో నెగ్గినవాడు వాటా పుచ్చుకుని వేరు కాపురం పెట్టడానికి సిద్ధపడ్డాడన్నమాట. ఈలోగా కోవిడ్ వచ్చి పడింది. జనరల్ కాన్ఫరెన్స్ వాయిదాల మీద వాయిదాలు పడి, ఒడంబడిక నీరుగారిపోయింది.

మిగిలిన దారి ఆస్తి నిబంధన. జాన్ వెస్లీ కాలం నుంచీ మెథడిస్టు గుళ్లకు ట్రస్టు క్లాజు ఉంది. స్థానిక విశ్వాసులు చందాలు పోగేసి కట్టుకున్న గుడైనా, దాన్ని మొత్తం చర్చి తరఫున ట్రస్టుగా మాత్రమే అనుభవించాలి. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) ఆస్తులు స్థానిక సంఘాల పేరున కాక ఒక ట్రస్టు అసోసియేషన్ పేరున ఉంటాయి. చర్చి స్థలాల వ్యాజ్యాల గురించి తెలుగునాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అయితే 2019 సభ ఈ తాళానికి తాత్కాలికంగా ఒక చెవి ఇచ్చింది. లైంగికత విషయంలో మనస్సాక్షి ఒప్పుకోని సంఘం, మూడింట రెండొంతుల మంది సభ్యులు ఓటేస్తే, పై చర్చికి కట్టాల్సిన రెండేళ్ల వాటా నిధులూ పాస్టర్ల పెన్షన్ బాకీలూ కట్టి గుడితో సహా వెళ్లిపోవచ్చు. గడువు 2023 డిసెంబరు 31. ఆలోపు 7,600కు పైగా సంఘాలు, అంటే అమెరికాలోని మెథడిస్టు సంఘాల్లో దాదాపు నాలుగో వంతు, విడిపోయాయి. టెక్సాస్ కాన్ఫరెన్స్‌లో సగం సంఘాలు వెళ్లిపోయాయి. వాటిలో చాలా భాగం 2022 మే 1న మొదలైన గ్లోబల్ మెథడిస్టు చర్చిలో చేరాయి. ఇంతకుముందు 1844లో అమెరికా మెథడిస్టులు బానిసత్వం మీద చీలారు. పెళ్లితో బానిసల యజమాని అయిన ఒక బిషప్ పదవిలో ఉండవచ్చా అన్నది అప్పటి ప్రశ్న. దక్షిణాది విడిపోతే, మళ్లీ కలవడానికి 1939 దాకా పట్టింది.

ఇక ఓటు సంగతి. జనరల్ కాన్ఫరెన్స్‌లో సీట్లు సభ్యుల సంఖ్యను బట్టి వస్తాయి. అమెరికాలో సభ్యులు తరిగిపోతుంటే ఆఫ్రికాలో పెరుగుతూ వచ్చారు. 2019 నాటికి ప్రతినిధుల్లో దాదాపు 30 శాతం ఆఫ్రికావాళ్లే. అమెరికా సంప్రదాయవాదులు నెగ్గింది వాళ్ల అండతోనే. ఆ అమెరికన్లు వెళ్లిపోయాక ఆఫ్రికా ప్రతినిధులు ఒంటరయ్యారు. వీసాలు రాక కొందరు షార్లెట్ చేరలేకపోయారు. చేరినవాళ్లలో చాలామంది, ఏ ప్రాంతం నిబంధనలు ఆ ప్రాంతమే పెట్టుకునే ప్రాంతీయ స్వయం నిర్ణయం అనే రాజీకి ఒప్పుకున్నారు. అందరూ కాదు. పది లక్షలకు పైబడిన సభ్యులున్న ఐవరీ కోస్ట్ చర్చి 2024 మే 28న తెగదెంపులకు ఓటేసింది. నైజీరియాలో చర్చిలో ఉండిపోయిన, విడిపోయిన మెథడిస్టు వర్గాల మధ్య ఆ ఏడాది డిసెంబరులో జరిగిన ఘర్షణల్లో పసిపిల్లలు సైతం చనిపోయారు.

ఇందులో మనకూ ఒక కొస ఉంది. హైదరాబాద్‌లో అమెరికా మెథడిస్టులు నాటిన సంఘాలు 1981లో స్వతంత్రమైన భారత మెథడిస్టు చర్చిలో భాగం. స్వతంత్రం కాబట్టి షార్లెట్‌లో దానికి ఓటు లేదు. ఫిలిప్పీన్స్, కాంగోలకు ఉంది. భారత మెథడిస్టులు కూడా అలాగే లోపలే ఉండిపోయి ఉంటే 2019లోనూ 2024లోనూ లెక్క ఎటు తిరిగేదో! తెలుగునాటికి మరో కొస కూడా ఉంది: అమెరికా లూథరన్లు పంపిన మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరారు. ఆ సంప్రదాయానికి నేటి వారసురాలైన అమెరికా ఎవాంజెలికల్ లూథరన్ చర్చి (ఈఎల్‌సీఏ) 2009లోనే 559–451 ఓట్లతో గే పాస్టర్లకు తలుపు తెరిచింది, కొన్ని సంఘాలను పోగొట్టుకుంది. ప్రెస్బిటీరియన్లదీ 2011లో ఇదే కథ.

ఆంగ్లికన్ల దారి వేరు. అందరినీ కట్టిపడేసే ఓటు వాళ్లకు లేనే లేదు. 1998లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభ స్వలింగ సంబంధాలను తప్పుపడుతూ 526–70తో తీర్మానించినా అది సలహా మాత్రమే. 2003లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ డయాసిస్, గే అయిన జీన్ రాబిన్సన్‌ను బిషప్‌గా ఎన్నుకుంటే ఆపగలిగినవాళ్లు లేకపోయారు. ఆగ్రహించిన బిషప్పులు 2008లో జెరూసలేంలో గాఫ్‌కాన్‌గా జట్టుకట్టారు. అప్పటినుంచీ ఆ తగవు తెగనూ తెగదు, అతకనూ అతకదు. మెదక్, దోర్నకల్ డయాసిస్‌లున్న సీఎస్ఐ కూడా ఆ ఆంగ్లికన్ కూటమి సభ్యురాలే. చేదుగా ఉన్నా సరే, మెథడిస్టుల పద్ధతిలో కనీసం లెక్క తేలిందని నాకనిపిస్తుంది.

తేలింది సగమే. స్ట్రౌడ్‌కు 2024 మేలో పాత కాన్ఫరెన్స్ గురుత్వాన్ని తిరిగి ఇచ్చింది. ప్రాంతీయ స్వయం నిర్ణయానికి 2025 నవంబరులో ఆమోదముద్ర పడింది. ఇకమీదట ఒకే చర్చిలో, అమెరికాలో అభిషేకం పొందే పాస్టర్‌ను కాంగో కాన్ఫరెన్స్ కాదనవచ్చు. ఇరుపక్షాలూ దీనితో తృప్తి పడొచ్చు. కానీ ఖర్చుల మాటేమిటి? ఆఫ్రికా బిషప్పుల జీతాలకు అధికభాగం అమెరికా సంఘాల వాటా నిధులే ఆధారం. నాలుగో వంతు సంఘాలు పోయాక షార్లెట్ సభ కేంద్ర బడ్జెట్‌ను దాదాపు 40 శాతం కోసింది, అమెరికా బిషప్పుల సంఖ్యను 32కు కుదించింది, అదే సభ ఆఫ్రికాకు మరో ఇద్దరు బిషప్పుల్ని మంజూరు చేసింది. ఓట్లు పెరుగుతున్న చోట డబ్బు లేదు, డబ్బున్న చోట ఓట్లు తరుగుతున్నాయి.