చార్టులో టిక్కు కాదు, కట్టు మీద తేదీ చూడండి

మంచం పట్టిన అమ్మనో నాన్ననో వృద్ధాశ్రమంలో, కేర్ సెంటర్‌లో చేర్చిన ప్రతి కుటుంబానికీ ఈ హెచ్చరిక. డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరు వివరంగానే రాసిస్తారు: పడకపుండును సెలైన్‌తో కడగాలి, ఫలానా డ్రెస్సింగ్ వేయాలి, ఇన్ని రోజులకోసారి మార్చాలి, వేళ తప్పకుండా పక్కకు తిప్పాలి. ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

చార్టులో డ్రెస్సింగ్ మార్చినట్టు సోమ, మంగళ, బుధవారాల గళ్లన్నిటా టిక్కులుంటాయి. దుప్పటి తొలగిస్తే నడుము కింద ప్లాస్టరు అంచులు మురికి పట్టి లేచి ఉంటాయి, దాని మీద పెన్నుతో వేసిన తేదీ మాత్రం ఆదివారానిది. ఇది చిన్న పొరపాటు కాదు, వైద్యం జరిగినట్టు రాసిన అబద్ధం.

పడకపుండు పైకి రూపాయి బిళ్లంతే కనబడుతూ లోపల ఎముక దాకా పోగలదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణాంతకమైన సెప్సిస్. సూపర్‌మ్యాన్‌గా నటించిన క్రిస్టఫర్ రీవ్ 2004 అక్టోబరులో చనిపోయేనాటికి ఇలాంటి పుండు ఇన్ఫెక్షన్‌కే చికిత్స పొందుతున్నారు. ఏ లోటూ లేకుండా చూసుకునే మనుషులున్న ఆయనకే తప్పలేదు. షుగరు ఉండి, నోరు తెరిచి నొప్పని చెప్పలేని మన పెద్దల సంగతి ఆలోచించండి.

ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు తెలియదు. అక్కడి చర్మం వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. ఆ చోట మర్దన చేయనివ్వకండి, లోపలి కండ ఇంకా చితుకుతుంది. ఎయిర్ బెడ్ వేశాం కదా అంటారు. వేసినా మనిషిని తిప్పాల్సిందే.

రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఎందరు ఆయాలున్నారో యాజమాన్యాన్ని అడగండి. ఒక్కరే ఉంటే తప్పు ఆమెది కాదు, డబ్బు తీసుకుని మనుషుల్ని పెట్టని వారిది.

విదేశాల్లో ఉన్న పిల్లలారా, వీడియో కాల్‌లో ముఖం చూసి తృప్తి పడకండి. పక్కకు తిప్పించి నడుము, తుంటి, మడమలు చూపించమనండి. దుర్వాసన, జ్వరం, ఉన్నట్టుండి మగత కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తరలించండి. అడిగినా పట్టించుకోకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.