ఏ మార్పు... ఎవరు... ఎందుకు?

సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా వెళ్తే శ్రీహరికోట వస్తుంది. 1993 సెప్టెంబరు 20న అక్కణ్నుంచి తొలి పీఎస్‌ఎల్‌వీ నింగికెగిసింది. ఐఆర్‌ఎస్-1ఇ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాల్సిన ఆ రాకెట్, రెండు, మూడు దశలు విడిపోయే సమయంలో కుదుపులకు లోనై అదుపు తప్పింది. చివరికి బంగాళాఖాతంలో కలిసిపోయింది. కారణాలు వెతికితే తేలినవాటిలో ఒకటి... రాకెట్‌ని నిలకడగా ఉంచాల్సిన సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు! ఏడాది తిరిగాక, 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ తన పని తాను చక్కగా పూర్తిచేసింది.

సముద్రంలో పడిన రాకెట్‌ని విప్పి చూడలేం. కానీ ఆ రోజు అందులో ఉన్న ప్రోగ్రామ్ అక్షరం పొల్లుపోకుండా ఒడ్డున ఉంటే తప్పెక్కడుందో వెతకొచ్చు. కంప్యూటర్‌లో చేసే ఏ పనికైనా ఇదే వర్తిస్తుంది. ఆ పాత ప్రతుల్ని పద్ధతిగా దాచిపెట్టేదే వెర్షన్ కంట్రోల్.

మామూలుగా మనమేం చేస్తాం? 'రిపోర్టు', 'రిపోర్టు కొత్తది', 'ఫైనల్', 'అసలు ఫైనల్'... వారం గడిచాక ఏది అసలుదో పేరు పెట్టినవాళ్లకే తెలీదు. వెర్షన్ కంట్రోల్‌లో ఈ గొడవ ఉండదు. ఫైలు ఒక్కటే. 'కమిట్' చేసిన ప్రతిసారీ ఆ క్షణానికి ప్రాజెక్టు ఎలా ఉందో, మార్చిందెవరో, ఎప్పుడో నమోదవుతుంది. ఏ రెండు కమిట్‌లనైనా పోల్చి ఏ వరుస పోయిందో, ఏది వచ్చి చేరిందో చూసుకోవచ్చు. కొత్తగా ఏదైనా ప్రయత్నించాలంటే ఏటికి పాయలా ఓ 'బ్రాంచ్' తీస్తే సరి. కుదిరితే కలపడం, లేదంటే వదిలేయడం. ఇద్దరు ఒకే వాక్యాన్ని చెరోలా మార్చారనుకోండి... అది తీర్పు చెప్పదు, మీరే తేల్చుకోమంటుంది!

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1972లోనే బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ తయారుచేశారు. ఇప్పుడు అందరూ వాడుతున్న 'గిట్'ను 2005లో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ రాశారు.

అయితే పాత ప్రతి ఉంటేనే చాలదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలో ఏరియన్-5 తొలి రాకెట్ 40 సెకన్లయినా నిండకుండానే పేలిపోయింది. ఏరియన్-4 కోసం రాసిన కోడ్‌ను అందులో వాడారు. కొత్త రాకెట్ వేగానికి ఓ సంఖ్య, దానికి కేటాయించిన చోటులో పట్టలేదు. అలాంటి పరిస్థితి వస్తే తట్టుకునే ఏర్పాటు కొన్ని సంఖ్యలకు ఉంది, దీనికి లేదు. కంప్యూటర్ మీద భారం తగ్గించాలని తెలిసే వదిలేశారు. కానీ ఎందుకు వదిలేశారో కోడ్‌లో ఎక్కడా రాయలేదని విచారణ బృందం తేల్చింది.

కమిట్‌తో పాటు రాసే ఆ ఒక్క వాక్యానికి ఉన్న విలువ అది. చాలామంది 'మార్చాను' అని రాసి ఊరుకుంటారు. మార్చిన సంగతి గిట్‌కి ఎలాగూ తెలుసు. 'ఎందుకు' అన్నది మాత్రం రాసినవాళ్లు చెబితేనే తెలుస్తుంది.

గిట్ ఉచితమే. అక్షరాలతో నిండిన ఫైళ్లకు బాగా నప్పుతుంది. ఫొటోలు, వీడియోల్లో ఏం మారిందో వివరంగా చూపలేదు. ఇంకో మాట... చరిత్రంతా ఒకే కంప్యూటర్‌లో ఉంటే, దాని డిస్కు పోయిన రోజు చరిత్రా పోతుంది. అందుకే మరో కంప్యూటర్‌కీ ఓ ప్రతి పంపుతుండాలి. దాన్ని 'పుష్' అంటారు.