బండికి ఏ నూనె?

పిల్లలూ! మీ ఇంట కొత్త మోటారు సైకిలు కొన్నారనుకోండి. "కారు నూనె ఇంకా ఖరీదైనది, అదే పోయిద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి!

కారు క్లచ్చి సాధారణంగా పొడిగా ఉంటుంది. గేర్ల మోటారు సైకిళ్ళలో చాలావాటికి క్లచ్చి పలకలు ఇంజను నూనెలోనే మునిగి తిరుగుతాయి. పెట్రోలు ఆదా కావాలని కొన్ని కారు నూనెలలో రాపిడి తగ్గించే మందు కలుపుతారు. పలకలకు కావలసింది ఆ రాపిడే గదా! అది తగ్గితే పలకలు జారి, ఇంజను ఎంత రొద చేసినా బండి ముందుకు ఉరకదు. అందుకే 1998లో జపాను వారు ఇటువంటి బండ్ల నూనెకు 'జాసో ఎం.ఏ.' అనే గుర్తు ఏర్పరచారు.

ఆ గుర్తూ, 10డబ్ల్యు-30 వంటి చిక్కదనపు అంకెలూ బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్టే డబ్బామీద ఉన్నాయేమో చూడండి. వేరే నూనె వల్ల ఇంజను చెడితే, వారంటీ ఉన్నా కంపెనీవారు ఖర్చు భరించకపోవచ్చు. నూనె కొన్న రసీదులు ఆ పుస్తకంలోనే దాచమని నాన్నగారితో చెప్పండి.