మూడేళ్ళు గడిస్తే బాకీ పోతుందా?

మొన్న శుక్రవారం రియాద్‌లో మా ఇంట భోజనాల దగ్గర ఓ మిత్రుడు నవ్వుతూ అన్నారు: "హైదరాబాద్‌లో క్రెడిట్ కార్డు బాకీ వదిలేసి వచ్చి నాలుగేళ్ళయింది. మూడేళ్ళు దాటితే ఇక కేసు వేయలేరట కదా!"

ఇందులో సగమే నిజం. మన దేశంలో 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి దావా గడువు మూడేళ్ళు. గడువు తేదీకి కట్టకపోతే బ్యాంకు వెంటనే కూడా దావా వేయవచ్చు. మూడేళ్ళన్నది చివరి హద్దు మాత్రమే. అయితే అదే చట్టంలోని 15వ సెక్షన్ మనలాంటి వాళ్ళ గురించే ఒక మాట చెబుతుంది: బాకీదారు భారతదేశంలో లేని కాలాన్ని ఆ గడువులో లెక్కించరు. అంటే ఆయన సౌదీలో గడిపిన నాలుగేళ్ళూ లెక్కలోకి రావు! గడువులోపు బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెట్టినా, మూడేళ్ళు మళ్ళీ మొదటి నుంచే.

సౌదీలో చేసిన అప్పుల తీరు వేరు. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి ఉంటే, దావాతో పని లేకుండా నేరుగా అమలు కోర్టుకు వెళ్ళవచ్చు. ప్రయాణ నిషేధం పడితే ఎగ్జిట్ వీసా ఉన్నా విమానం ఎక్కలేం.

అందుకే సెలవులో వెళ్ళినప్పుడు బ్యాంకుతో మాట్లాడుకోండి. లోక్ అదాలత్‌లోనూ రాజీ కుదురుతుంది. బాకీ లేదన్న కాగితం మాత్రం మరవకుండా తీసుకోండి.

అంతా విన్న మా అమ్మాయి, "నాన్నా, కార్డులో డబ్బు మనది కాదా?" అంది.

కాదమ్మా. అది అప్పు.