గాలిలో మలుపు

గోడమీదనుంచి దూకినవాడు నడిమధ్య మనసు మార్చుకుని గాలిలోనే పక్కకు తిరగగలడా? కంప్యూటరు ఆటల్లో తిరుగుతాడు. కారు అంతులేని వేగంతో వంపు తిరిగినా పల్టీ కొట్టదు. ఇదంతా ‘గేమ్ ఇంజను’ మహిమ. ఈ ఇంజను బొగ్గు తినదు, లెక్కలు కడుతుంది.

తెలుగు చెప్పుకునేవాణ్ణి, ఈ లెక్కలు నాకెందుకంటారా? ఇంట్లో అవసరం వచ్చింది. మా కాలేజీ ఫిజిక్సు మాస్టారిని పట్టుకున్నాను. ‘యూనిటీ’ అనే ఇంజను మామూలుగా సెకనుకు 50 సార్లు బరువూ, వేగమూ, తాకిడీ లెక్కగడుతుందిట. మనకు కోరమీసంతో కనిపించే వీరుడు ఆ లెక్కలో తరచు నిలబెట్టిన మందు క్యాప్స్యూలు మాత్రమే! కారు బోల్తా పడకుండా దాని బరువుకేంద్రాన్ని వుండవలసిన చోటుకంటే కిందికి దించుతారు. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ ఆటలో అంచు దాటి శూన్యంలో అడుగు పెట్టినవాడికి కూడా లిప్తపాటు ఎగిరే అవకాశం వుంది.

దీన్ని మోసమని నేననను. 1957లో ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోతుంటే న్యూటన్ని ఎవరు తలుచుకున్నారు? ఆటగాడి స్వేచ్ఛకోసం భూమ్యాకర్షణ కాస్త మొహం తిప్పుకుంటుంది, అంతే.

మా విశాఖపట్నంలో మొహం తిప్పుకోని చోటొకటి వుంది. 1933లో తెరిచిన లోపలి రేవులోకి ఓడ రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకు కాలువలో రావాలి. వేగం తగ్గితే చుక్కాని మాట వినదు. లోతు తక్కువైతే ఓడ మరింత మొండికేస్తుంది. అంతటి ఓడనూ చిన్న టగ్గులు పట్టి నడిపిస్తాయి. ఓడ నడపడం నేర్పే సిమ్యులేటర్లలో వున్నదీ ఇలాంటి లెక్కే గాని, దానికి దయాదాక్షిణ్యాలు లేవు.

ఇక ఇంటి అవసరం. మావాడికి పద్దెనిమిది నిండాయి. స్కూటరు మీద సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలని కోరిక. వాళ్లమ్మ వద్దంటే వద్దంది. నేను కాగితం ఇచ్చి లెక్క వేయించాను. వేగం 30 నుంచి 60 అయితే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ.

“ఆటలో ఇలా లేదే!” అన్నాడు.

“అక్కడ మార్కులు కలిపారురా” అన్నాను.

మొదటిసారి వెనకసీటు నాదని ఒప్పందం కుదిరింది. వాళ్లమ్మ ఇంకా ఒప్పుకోలేదు.