రాయలేని రోజులు
అమ్మ పోయాక ఏడు నెలలు ఒక్క కథా రాయలేకపోయాను. "రాస్తే మనసు తేలికవుతుంది" అన్న ఓదార్పు కూడా ముల్లులా గుచ్చుకునేది. దుఃఖంలో ఉన్న మనిషిని పని లెక్క అడగడం అన్యాయం. జర్మన్ భాషా కవి రిల్కే 1912లో డ్యూనో కోటలో మొదలుపెట్టిన విలాపగీతాలు 1922 ఫిబ్రవరిలో గానీ పూర్తి కాలేదు. మధ్యలో ప్రపంచయుద్ధం, సైన్యంలోకి పిలుపు, ఏళ్ల తరబడి దిగులు. ఉత్తరాలు మాత్రం ఆయన మానలేదు. ఆయన్ని భాషకు దూరం కానివ్వనివి ఆ ఉత్తరాలేనని నా నమ్మకం. కథ రానప్పుడు దాన్ని వేధించకండి. అయినవాళ్లకు నాలుగు ముక్కలు రాయండి. నేను అమ్మ చేసే గోంగూర పచ్చడి రాసుకోవడంతో మొదలుపెట్టాను; మెంతులు ఎన్ని వేసేదో గుర్తురాక చెల్లికి ఫోన్ చేశాను.