పాతాళపు తాళపుచెవి జెనీవాలో లేదు



పోయిన వారం మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. జెనీవా దగ్గర సెర్న్ అనే సంస్థ భూమి లోపల ఒక యంత్రం పెట్టి పాతాళ ద్వారం తెరుస్తోందని, ప్రకటన గ్రంథం తొమ్మిదో అధ్యాయంలోని అగాధం అదేనని, అక్కడి గుర్తులో 666 ఉందని. వెనకాల భయం పుట్టించే సంగీతం. మొదట పంపింది కొత్తపేటలో ఉంటున్న మన సహోదరుడే. సాయంత్రానికల్లా దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉన్న పిల్లలకు, ఎల్బీ నగర్ కాలనీల్లో కాపురాలున్న వాళ్లకు, తిరిగి మన ఊళ్లో ముసలమ్మల ఫోన్లకు కూడా చేరింది. సగం సంఘం ఇప్పుడు అక్కడే ఉంది గదా! పండక్కి ఊరికి వచ్చేవాళ్లే గానీ ఊళ్లో ఉండేవాళ్లు తగ్గిపోయారు.

ఆ రాత్రి పదకొండు గంటలకు ఒక ఫోన్ వచ్చింది. మన సంఘపు బిడ్డ, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని పరిశోధన ప్రవేశ పరీక్షకు తయారవుతున్నాడు. "అయ్యగారూ, అమ్మ ఏడుస్తున్నది. ఆ చదువు సైతాను చదువు, ఇడిసిపెట్టి రమ్మంటున్నది. నేను చదివేది పాపమా?" అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకు చెప్పలేకపోయామో చెప్పడానికే ఈ మాటలు రాస్తున్నాము.

ముందు ఆ యంత్రం సంగతి. మియాపూర్ నుండి ఎల్బీ నగర్ దాకా మెట్రో ఎరుపు లైను దాదాపు 29 కిలోమీటర్లు. ఆ లైనును ఒక గాజులాగా గుండ్రంగా వంచి భూమిలో వంద మీటర్ల లోతున పెట్టారనుకోండి. సెర్న్ వారి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ దాదాపు అంతే, దాని చుట్టుకొలత 27 కిలోమీటర్లు. మెట్రో ఆ దూరం పోవడానికి గంటకు కొంచెం తక్కువ పడుతుంది. అక్కడ తిరిగే ప్రోటాన్లు ఒక్క సెకనులో ఆ గాజును 11 వేల సార్లకు పైగా చుట్టి వస్తాయి. అటు ఒక వరుస, ఇటు ఒక వరుస తిప్పి, నాలుగు చోట్ల ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. ఢీకొన్నచోట పుట్టే తునకలను పెద్ద పెద్ద పరికరాలు పట్టుకుని లెక్క రాస్తాయి. పదార్థం దేనితో చేయబడిందో చూడడానికి అంతకంటే సూటి మార్గం వాళ్లకు దొరకలేదు. ఇంతా చేసి ఒక్కొక్క ఢీకొనడంలో ఉండే శక్తి ఎంత? ఎగిరే దోమలు పది పదిహేనింటికి ఉండేంత. కాకపోతే ఆ శక్తి దోమకంటే ఎన్నో కోట్ల రెట్లు చిన్న చోట కూరుకుని ఉంటుంది, అదే విశేషం.

ఇప్పుడు మా సంగతి. 2008 సెప్టెంబరు 10, బుధవారం. ఆ యంత్రంలో మొదటిసారి ప్రోటాన్లను పూర్తిగా చుట్టు తిప్పిన రోజు. ముందు వారమంతా టీవీ చానళ్లలో ఒకటే మాట: నల్ల బిలం పుడుతుంది, భూమిని మింగుతుంది. పిల్లలు బడి మానేశారు. మధ్యప్రదేశ్‌లో ఒక పదహారేళ్ల అమ్మాయి ఆ వార్తలు చూసి తట్టుకోలేక ప్రాణం తీసుకుందని పేపర్లలో వచ్చింది. మేము అప్పుడు సెమినరీలో డిప్లొమా ముగించి రెండేళ్లయినా కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లో, ఒక విశ్వాసి ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో గృహ సహవాసం నడిపేవాళ్లము. తొమ్మిదో తేదీ రాత్రి ప్రార్థన పెట్టాము. ఎప్పుడూ ముప్పై మంది వచ్చే చోటికి నూరు మందికి పైగా వచ్చారు. ఆ జనాన్ని చూసి మా నోరు ఆగలేదు. రేపే ఆ దినం కావచ్చునని ప్రసంగించాము. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మార్కు సువార్త 13వ అధ్యాయంలో ప్రభువే చెప్పిన సంగతి మాకు తెలియదా? పరీక్షలో ఆ అధ్యాయం మీద నాలుగు పేజీలు రాసి వచ్చినవాళ్లము.

ఆ రాత్రి కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయి గంపలు మోసే ఒక తల్లి కానుక సంచిలో ఒక మడత పెట్టిన కవరు వేసింది. అది ఆమె కూతురి నర్సింగు పరీక్ష ఫీజు. "ఇంగ ఫీజుతోని పనేముంది అయ్యగారూ?" అన్నది. మేము ఆ కవరు తీసుకున్నాము. చేతులెత్తి ఆశీర్వదించాము కూడా.

మరునాడు మన టైము ప్రకారం రెండు గంటలు కావస్తుండగా అక్కడ ప్రోటాన్లు చుట్టు తిరిగాయి. మా సందులో ఉల్లిగడ్డల బండి వచ్చింది, పోయింది. తరువాత తెలిసిన మాట ఏమిటంటే, ఆ రోజు అసలు ఢీకొట్టడమే లేదు. ఒకవైపు తిప్పి చూశారు, మళ్లీ రెండోవైపు తిప్పి చూశారు, అంతే. పెద్ద శక్తితో ఢీకొట్టడం 2010 మార్చి 30న గానీ జరగలేదు. ఆ రోజు మాత్రం ఎవరూ రాత్రి ప్రార్థన పెట్టలేదు. కవరు మూడో రోజు తిరిగి ఇచ్చాము. అప్పటికి ఫీజు గడువు దాటింది. ఆ అమ్మాయికి ఒక సంవత్సరం పోయింది.

ఇక్కడ మమ్మల్ని ఇన్నేళ్లుగా పొడుస్తున్న ముల్లు ఒకటి ఉంది. యంత్రం మొదలైన తొమ్మిది రోజులకు, సెప్టెంబరు 19న, సెర్న్‌లో నిజంగానే ప్రమాదం జరిగింది. అగాధం తెరుచుకోలేదు. రెండు అయస్కాంతాల మధ్య కరెంటు పోయే ఒక అతుకు సరిగ్గా కూడలేదు. అది కాలిపోయి, మైనస్ 271 డిగ్రీల చలిలో ఉంచిన హీలియం ఆరు టన్నుల దాకా బయటికి పొంగింది. 53 అయస్కాంతాలను పైకి తీసుకురావలసి వచ్చింది. మళ్లీ నడపడానికి పద్నాలుగు నెలలు పట్టింది. లోకమంతా చూస్తుండగా వాళ్లకు ఎంత తలవంపులో ఊహించండి. అయినా నెల తిరగకముందే ఏ అతుకు, ఎందుకు, ఎంత నష్టం అని కాగితం మీద పెట్టి అందరి ముందూ ఉంచారు. దేవుని పేరు ఎత్తని మనుషులు ఆ పని చేశారు. సత్యమును గురించి ప్రతి ఆదివారం మాట్లాడే మేము ఆ తరువాతి ఆదివారం ఇంకేదో వాక్యం తీసుకుని దాటవేశాము. ఎవరూ అడగలేదు గనుక సరిపోయింది.

అయితే ఆ యంత్రం మనకు అంత పరాయిదేమీ కాదు. ఎల్బీ నగర్ నుండి ఉప్పల్ మీదుగా పోతే వచ్చే ఈసీఐఎల్ మీకందరికీ తెలుసు. మనం దాన్ని బస్సు స్టాపు పేరుగానే ఎరుగుదుము. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు గారు నిలబెట్టిన ప్రభుత్వ సంస్థ అది. ఆ పక్కన ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదే. సెర్న్ అయస్కాంతాలను కాపాడే కరెంటు పరికరాలు వేల సంఖ్యలో మన దేశం నుండి వెళ్లాయి, ఆ తయారీలో ఈసీఐఎల్ చేయి ఉంది. అయస్కాంతపు తీగచుట్టలో ఎక్కడైనా ఒక్కచోట వేడి పుడితే ఆ ఒక్కచోటే కాలిపోతుంది. ఈ పరికరం వెంటనే చుట్ట అంతటినీ కొంచెం కొంచెం వేడి చేసి ఆ దెబ్బను అంతటికీ పంచుతుంది. సంఘంలో ఒక్కరి భారం అందరూ మోయడం గురించి మేము చెప్పిన ప్రసంగాలన్నిటికంటే ఇది బాగుంది అనిపించింది. ముప్పై అయిదు టన్నుల అయస్కాంతాలను వెంట్రుకంత తేడా లేకుండా నిలబెట్టే జాకీలు దాదాపు 7,000 కూడా ఇక్కడివే. 2017 నుండి భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం. ఐఐటీ హైదరాబాద్ వారు జపాన్‌లో ఇలాంటి మరో ఢీకొట్టే యంత్రం మీద జరిగే బెల్ టూ ప్రయోగంలో ఉన్నారు. మన పిల్లవాడు పోదలచిన దారి అదే.

ఆ ఈసీఐఎల్ దగ్గరే టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ల కేంద్రం ఉంది. కాస్మిక్ కిరణాల వంటి వాటిని చూడడానికి పెద్ద పెద్ద బెలూన్లను పైకి వదులుతారు. 2022 డిసెంబరులో అక్కడి నుండి ఎగిరిన బెలూను తాలూకు తెల్లటి డబ్బా ఒకటి వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో దిగితే, ఆకాశం నుండి ఏదో వచ్చిందని జనం గుమిగూడిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. ఈ కాస్మిక్ కిరణాల సంగతి ఆ వీడియో చేసినవాళ్లు చెప్పరు. సెర్న్ చేసేదానికంటే ఎంతో ఎక్కువ శక్తితో కణాలు ఆకాశం నుండి వచ్చి మన తలల పైన గాలిలో ఢీకొంటూనే ఉన్నాయి, భూమి పుట్టినప్పటి నుండి. వాటి తునకల్లో మ్యూఆన్ అనేది సెకనుకు ఒకటి చొప్పున, మీరు ఇది చదువుతుండగానే, మీ అరచేతిలోనుండి దూరిపోతోంది. ఢీకొట్టడం వల్ల లోకం అంతమయ్యేదైతే ఆదాము కంటే ముందే అంతమైపోవలసింది.

లేఖనం మాట కూడా చూద్దాము. ఆ అధ్యాయంలో అగాధపు తాళపుచెవి ఇవ్వబడుతుంది. ఎవరో ఇంజనీర్లు తయారుచేసుకునేది కాదు. వంద మీటర్లు తవ్వితే పాతాళం తగిలేదైతే మన నల్గొండ వైపు బోర్లు వేసే లారీ వాళ్లు ఎప్పుడో తెరిచేసి ఉండేవారు. మన పొలాల్లో నాలుగు వందల అడుగులు పోయినా నీళ్లే తగలడం లేదు. ఇక అక్కడున్న నటరాజ విగ్రహం మన దేశం 2004లో ఇచ్చిన కానుక. దాని ముందు నరబలి అంటూ తిరిగే వీడియో 2016లో ఎవరో అనుమతి లేకుండా ఆడిన నాటకమని సెర్న్ వారే చెప్పారు. మన నమ్మకం మనది. దానికోసం ఇతరుల మీద అబద్ధం మోపే అవసరం మనకు లేదు.

రెండో పక్క పొరపాటు కూడా మన పాస్టర్లే చేశారు. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ దొరికిందని ప్రకటించినప్పుడు పేపర్లు దైవకణం అని రాశాయి. అదిగో సైన్సు దేవుణ్ణి ఒప్పుకుంది అని కొందరు స్టేజీలెక్కారు. ఆ పేరు ఒక పుస్తకం అట్ట మీదనుండి వచ్చింది, హిగ్స్ గారికే అది నచ్చలేదు. దొరికింది ప్రోటానుకు దాదాపు 133 రెట్లు బరువున్న, పుట్టీ పుట్టగానే విడిపోయే ఒక కణం. మన దేవుడు అలా దొరికేవాడైతే మాకు ఆయన వద్దు.

భయపడడానికి నిజమైన కారణం ఎలా ఉంటుందో దిల్‌సుఖ్‌నగర్‌కు వేరే చెప్పనక్కరలేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాపు దగ్గర బాంబులు పేలినప్పుడు మన బిడ్డల ఫోన్లు కలవక ఊళ్లో ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో మీకు తెలుసు. అలాంటి భయాన్ని చూసినవాళ్లము, కల్పించిన భయాన్ని చేతులారా పంచకూడదు. గ్రూపులో ఆ వీడియోను మేమే తీసివేశాము. పంపిన సహోదరునితో మాట్లాడాము, ఆయన నొచ్చుకోలేదు. (వీడియో మనదాకా వచ్చిన వెబ్ అనేదే 1989లో సెర్న్‌లో పుట్టిందంటే ఆయన చాలాసేపు నవ్వాడు.)

పిల్లవాడికి ఉదయం ఫోన్ చేసి చదువుకో నాయనా అన్నాము. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తరువాత అతడు పదిహేను నిమిషాలు ఆ యంత్రం గురించి చెబుతాడు. వాళ్ల అమ్మ ముందు వరుసలో కూర్చుంటానని ఒప్పుకున్నది.

ఆ నర్సింగు అమ్మాయి ఇప్పుడు ఎల్బీ నగర్‌లో కాపురముంటూ ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నది. ఈ పేజీ చదువుతుందని మాకు తెలుసు. అమ్మా, ఆ కవరు తిరిగి ఇచ్చిన రోజు మేము నీతో ఒక్క మాట కూడా అనలేదు. నీ ఫీజు గడువు పోవడానికి కారణం సెర్న్ కాదు, టీవీ కాదు, మా ప్రసంగం. ఆ మాట వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి చెబుతాము. నీకు డ్యూటీ లేకపోతే రా.